ల్యాగ్ అని తీసేయమన్న మూడు నిమిషాలు

ఎడిటింగ్‌లో నా దగ్గర కొత్తగా అసిస్టెంట్లుగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ‘సైరాట్’ చూపిస్తాను. చివరి ఘట్టం గురించి వాళ్లు అప్పటికే వినే ఉంటారు. “మొత్తం ఎందుకు సార్, క్లైమాక్స్ ఒక్కటీ వేయండి, కట్టింగ్ చూసుకుంటాం” అంటారు. వేయను. దాదాపు మూడు గంటల సినిమా, పాటలతో సహా కూర్చుని చూడాల్సిందే. ఆ చివరి ఘట్టంలో కట్టింగ్ అంటూ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. దాని ఎడిటింగంతా అంతకుముందు గడిచిన రెండున్నర గంటల్లోనే జరిగిపోయింది.

నాగరాజ్ మంజులే తీసిన ఈ మరాఠీ సినిమా 2016 ఏప్రిల్ 29న విడుదలైంది. పెద్ద కులం, పెద్ద పలుకుబడి ఉన్న ఇంటి అమ్మాయి ఆర్చీ. చేపలు పట్టుకుని బతికే ఇంటి అబ్బాయి పర్శ్యా. ఊరు విడిచి పారిపోయి మన హైదరాబాదుకే వస్తారు. రేకుల గదిలో కాపురం పెడతారు. ఆర్చీ ఫ్యాక్టరీ పనికి వెళ్తుంది, తెలుగు నేర్చుకుంటుంది. కెమెరామన్ సుధాకర్ రెడ్డి యక్కంటి మన తెలుగువాడే. మొదటి సగమంతా పరుగులు, బావులు, చెరుకుతోటలు, థియేటర్లో జనం లేచి గంతులేసిన ‘ఝింగాట్’ పాట. రెండో సగంలో అద్దె, వంట, అనుమానం, కొట్లాట, మళ్లీ కలిసిపోవడం. పిల్లవాడు పుడతాడు. స్కూటర్ కొంటారు. సొంతిల్లు చూసుకుంటూ ఉంటారు.

అప్పుడు ఆర్చీ తల్లికి ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత ఒకరోజు తోడబుట్టినవాడు బంధువులను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వస్తాడు. అమ్మ పంపిందని కానుకలు తెస్తారు. ఆర్చీ టీ పెడుతుంది. పిల్లవాడు పక్కింటావిడతో బయటికి వెళ్లి ఉన్నాడు. కాసేపటికి ఆవిడ వాణ్ని తీసుకొచ్చి ఇంటి దగ్గర దిగబెట్టి పోతుంది. వాడు లోపలికి నడుస్తాడు. తల్లీ తండ్రీ నేల మీద రక్తంలో పడి ఉన్నారు. వాడు ఏడుస్తాడు, కానీ ఆ ఏడుపు మనకు వినపడదు. సౌండ్ ట్రాక్ మొత్తం ఆగిపోయింది. వెనక్కి తిరిగి బయటికి నడుస్తుంటే చిన్న పాదాల అచ్చులు ఎర్రగా నేల మీద పడుతూ ఉంటాయి.

కత్తి తీయడం లేదు, కేక లేదు, పెనుగులాట లేదు. ఎడిటర్ కుతుబ్ ఇనాందార్ ఆ హత్య మొత్తాన్ని పిల్లవాడు షికారుకు వెళ్లొచ్చిన వ్యవధిలోకి తోసేశాడు. మనం టీ దగ్గర ఉన్నాం, ఆ తర్వాత పిల్లవాడి పక్కన ఉన్నాం. మధ్యలో ఏం జరిగిందో చూసేవాడే కట్టుకోవాలి, తనకు తెలిసిన ఊరితో, తనకు తెలిసిన పేపర్ వార్తలతో. టీ తాగుతున్నంతసేపూ ప్రేక్షకుడికి రెండు మనసులు ఉంటాయి. ఒకటి వీళ్లు ఎందుకొచ్చారో తెలుసు అంటుంది. రెండోది లేదులే, తల్లి పంపింది కదా, ఇన్నేళ్లయింది కదా అంటుంది. సినిమా కొట్టింది ఈ రెండో మనసును. ఆ ఆశ లేకపోతే దెబ్బ తగలడానికి చోటే లేదు.

ఇదే కథను 2018లో ‘ధడక్’గా హిందీలో తీశారు. అందులో అమ్మాయి బతుకుతుంది. భర్త, బిడ్డ మేడ మీది నుంచి ఆమె ఎదుటే పడి చనిపోతారు. అదీ ఘోరమే. కానీ పడటం మనకు కళ్లారా చూపించేశారు, చూసేశాం. మనం కట్టుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. రెండు సినిమాల మధ్య తేడా నటుల్లోనో డబ్బులోనో లేదని నా గట్టి నమ్మకం. ప్రేక్షకుడికి ఎంత పని అప్పగించారన్న దాంట్లోనే ఉంది.

నేను పని నేర్చుకున్నది మద్రాసులో, ఫిల్ము చేత్తో పట్టుకుని కోసే రోజుల్లో. 35 ఎంఎం ఫిల్ముకు అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 నడుస్తాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. మా మాస్టారు సీను నిడివిని నిమిషాల్లో చెప్పేవారు కాదు, “ఈ ఏడుపు ముప్పై అడుగులు చాలు” అనేవారు. ఫైట్ సీను మీద కుర్రాళ్లం ఉత్సాహపడుతుంటే, “కొట్టడం ఫైట్ మాస్టర్ చూసుకుంటాడురా, కొట్టక ముందు సంగతి మనది” అన్నారు ఒకసారి. ఈ మాట మీదే నా ఉద్యోగమంతా నడిచింది.

డైరెక్టర్లు వచ్చి అడిగేది మాత్రం వేరుగా ఉంటుంది. “ఇక్కడ జనం సీట్లోంచి ఎగిరి పడాలి.” ఎగిరి పడేలా చేయడం మా పనిలో అన్నిటికంటే తేలిక. నిశ్శబ్దం పెట్టు, మొహాన్ని క్లోజప్‌లో ఉంచు, ఒకటి రెండు ఫ్రేములు శబ్దాన్ని బొమ్మకంటే ముందుకు జరుపు, పెద్ద చప్పుడు వేసేయ్. మనిషి శరీరం పెద్ద చప్పుడుకు తనంతట తానే అదురుతుంది, బుద్ధిని అడగదు. వచ్చింది దయ్యమైనా ఎగురుతాం, పిల్లి అయినా ఎగురుతాం. 1942లో వచ్చిన ‘క్యాట్ పీపుల్’లో ఈ కిటుకును అద్భుతంగా వాడారు. రాత్రి వీధిలో ఒక అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోతుంది. ఆమె వేగం పెంచుతుంది. ఉన్నట్టుండి బుస్సుమని చప్పుడు. తీరా చూస్తే అది వచ్చి ఆగిన సిటీ బస్సు. కోసింది మార్క్ రాబ్సన్. అప్పటినుంచి హాలీవుడ్‌లో ఇలాంటి ఉత్తుత్తి బెదిరింపును ‘బస్సు’ అనే పిలుచుకున్నారు. ఆ బస్సు ఇప్పటికీ పని చేస్తుంది. ఎందుకంటే దానికి ముందు నడక ఉంది, ఆ నడకలో మనం ఆ అమ్మాయితో ఉన్నాం. ఇప్పుడొస్తున్న హారర్ సినిమాల్లో నడక తీసేసి బస్సులు మాత్రం వరసగా పంపుతున్నారు.

ఎగిరిపడటానికి ఖర్చు కూడా ఉంది. ‘జాస్’ (1975) పూర్తయ్యాక స్పీల్‌బర్గ్‌కు ఇంకొక్క కేక కావాలనిపించింది. నీళ్లలో మునిగిన పడవ చిల్లులోంచి చనిపోయిన జాలరి తల తేలివచ్చే షాట్‌ను ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్ ఇంటి ఈతకొలనులో మళ్లీ తీశారు. సముద్రపు మసక రావడానికి నీళ్లలో పాలు కలిపారు. కేక వచ్చింది, హాలు హాలంతా ఎగిరింది. అయితే ఆ తర్వాత సొరచేప మొదటిసారి నీళ్లపైకి మొహం పెట్టే చోట అంతకుముందు వచ్చిన స్పందన తగ్గిపోయిందని స్పీల్‌బర్గే చెప్పాడు. ఒకసారి దెబ్బ తిన్న ప్రేక్షకుడు డైరెక్టర్‌ను నమ్మడం మానేసి జాగ్రత్త పడ్డాడు. సినిమాకు వచ్చినవాడి దగ్గర ఉండే నమ్మకం పరిమితమైన సొమ్ము. దాన్ని చిన్న చిన్న అదురుపాట్లకు ఖర్చుపెట్టేస్తే అసలు చోట చేతిలో ఏమీ ఉండదు.

మన సినిమాలకు ఇంకో ఇబ్బంది ఉంది, ఇంటర్వెల్. ఇంటర్వెల్ బ్యాంగ్ లేకుండా మన దగ్గర కథ ఒప్పుకోరు. టికెట్ కొన్న ప్రతివాడికీ గంటా పదిహేను నిమిషాల దగ్గర ఏదో పేలుతుందని తెలుసు. బాత్రూముకు లేవబోయినవాడు కూడా ఆగుతాడు. కాచుకుని కూర్చున్నవాణ్ని నిర్ఘాంతపరచడం ఎలా? అందుకే నా దగ్గరకు వచ్చే డైరెక్టర్లకు, వీలుంటే ఆ సంఘటనను ఇంటర్వెల్ కార్డుకు ఓ పది నిమిషాలు ముందుకో, ఇంటర్వెల్ అయ్యాక జనం ఇంకా పాప్‌కార్న్‌తో సర్దుకుంటున్నప్పటికో జరపమని చెబుతాను. సగం మంది వింటారు.

అలా కాచుకున్నవాణ్ని కూడా అదరగొట్టిన సినిమా ఒకటుంది. ‘శివ’ వచ్చింది 1989లో. అప్పటికి తెలుగు సినిమాలో ఫైటంటే గాల్లో తేలడాలు, డిషుం డిషుం. కాలేజీలో జేడీ అనే రౌడీ ఎదుట శివ అప్పటిదాకా నోరెత్తని కుర్రాడు. తిరగబడతాడని మనకు తెలుసు, హీరో కదా. కానీ అతని చెయ్యి పక్కనున్న సైకిలు మీదికి పోయి చెయిను లాగుతుందని ఎవరూ ఊహించలేదు. ఆ తర్వాతి కొట్టడం నాకు పెద్దగా గుర్తుండదు. చెయిన్ లాగిన చెయ్యి, ఆ ఇనుప చప్పుడు గుర్తున్నాయి. మనం రోజూ తొక్కే సైకిల్లో ఆయుధం ఉందని అప్పటిదాకా మనకు తెలియదు. హాలు బయట స్టాండులో వందల సైకిళ్లున్నాయి. ఆట అయ్యాక వాటి దగ్గరికే నడిచి వెళ్లాలి. దృశ్యం ఇంటిదాకా మన వెంట వచ్చేది అలాగే, మన చేతికి అందే వస్తువులో దాక్కుని.

‘బాహుబలి’ మొదటి భాగం (2015) చివర్లో కట్టప్ప కత్తి దిగిన క్షణం లెక్కకు చాలా చిన్నది. కానీ అదే సినిమాలో ఆ కట్టప్పే బాహుబలి కొడుకు శివుడి పాదాన్ని తన తలమీద పెట్టుకున్నాడు. ఆ ఒక్క షాట్ లేకపోతే చివరి కత్తి ఉత్త ద్రోహం, కథల్లో మామూలే. కొడుకు పాదానికి నమస్కరించిన మనిషే తండ్రిని పొడిచాడు కాబట్టి దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది. కోటగిరి వెంకటేశ్వరరావు గారు అక్కడ సినిమాను ఆపిన తీరు కూడా చూడాలి. ఓదార్పు లేదు, వివరణ లేదు, పేర్లు పడిపోయాయి. జవాబు 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు.

ఇక నా బల్ల మీదికి వచ్చిన ఒక సీను సంగతి. నల్గొండ వైపు కుర్రాడొకడు తీసిన మొదటి సినిమా. హీరోయిన్ అన్న ఊళ్లో జూనియర్ లైన్‌మన్. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కుతాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా లైను ఆపేశాం, నువ్వు దిగి చెప్పేదాకా వేయం అని అవతలివాళ్లు ఇచ్చే మాట. ఆ మాట తప్పిపోతుంది, లైను ఛార్జ్ అవుతుంది, అతను చనిపోతాడు. మన పల్లెల్లో కరెంటు స్తంభం మీద పోయిన ప్రాణాలెన్నో ఊళ్లలో పెరిగిన అందరికీ తెలుసు. డైరెక్టర్‌కు ఇంకా దగ్గరగా తెలుసు, వాళ్ల బంధువుల్లోనే జరిగింది.

తెలిసినవాడు కాబట్టే ఏదీ వదలకుండా తీశాడు. నిప్పురవ్వలు, డూప్ వెనక్కి విరుచుకుపడటం, కాలిన చేయి, కింద జనం పరుగులు, భార్య గుండెలు బాదుకోవడం, అన్నీ నాలుగు యాంగిల్స్‌లో. రష్ అంతా చూశాను. కష్టపడి తీశారు, ఒక్కటీ నకిలీలా లేదు. అయినా నాకు ఎక్కడా గుండె జారలేదు. అందులో ప్రతి షాటూ నాకు చావును చెబుతోంది. చావు మీదకు వస్తోందని నేను కనిపెట్టే సందు ఎక్కడా లేదు.

దానికి ముందున్న సీను బాగుంది. భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని వస్తుంది, అరుగు మీద కూర్చుంటుంది. అతను పైనుంచి, ఆమె కింద నుంచి మాట్లాడుకుంటారు. చిన్నోడి ఫీజు కట్టినవా అంటే సాయంత్రం కడ్త అంటాడు. నిన్న పప్పుల ఉప్పెక్కువైందని నువ్వు తినలే, ఇయ్యాల సూసి ఏసిన అంటుంది. మొత్తం మూడు నిమిషాలు.

రాత్రి ఒక్కణ్నే కూర్చుని పనికిరావని పక్కన పెట్టిన ఎన్జీ షాట్లు తిరగేస్తుంటే ఒకటి దొరికింది. అరుగు మీద భార్య క్యారియర్ మూత తుడుస్తున్న షాట్. డైరెక్టర్ కట్ చెప్పాడు, కెమెరా కుర్రాడు ఆపడం ఆలస్యమైంది. ఆ కొద్ది సెకన్లలో ఊళ్లోకి నిజంగానే కరెంటు వచ్చింది. ఆమె వెనక తెరిచిన తలుపులోంచి, మసకగా, లోపలి గదిలోని ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఫ్రేము బయట ఎక్కడో పిల్లలు “కరెంటొచ్చిందోయ్!” అని అరిచారు, ఎప్పుడూ అరిచినట్టే. నటి వెనక్కి తిరిగి ఫ్యానును చూసింది. ఆ వెంటనే తల పైకెత్తబోయింది, స్తంభం వైపు. అది ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పాతిన స్తంభమనీ, దానికి ఏ లైనూ లేదనీ ఆమెకు తెలుసు. అయినా మెడ తిరిగింది, ఎందుకంటే డూప్ ఇంకా పైనే ఉన్నాడు.

తెల్లారి డైరెక్టర్‌ను పిలిచి కూర్చోబెట్టాను. మూడు నిమిషాల మాటలు అలాగే ఉంచాను. ఆమె మూత తుడుస్తోంది. వెనక ఫ్యాను రెక్క కదిలింది. ఆమె ఇంకా చూడలేదు, మనం చూశాం. ఫ్యాను ఊపందుకుంటోంది. పిల్లల కేక. ఆమె తిరిగింది, తల ఎత్తబోయింది. చూపు స్తంభం దాకా చేరక ముందే కోసేశాను. తర్వాతి షాట్ సబ్‌స్టేషన్‌లో మోగుతున్న ఫోను. రవ్వలు లేవు, డూప్ లేడు, స్తంభం కూడా లేదు. డైరెక్టర్ చాలాసేపు మాట్లాడలేదు. “అన్నా, నేను తీసినవన్నీ పోయినట్టేనా?” అని అడిగాడు చివరికి. పోయినట్టే అన్నాను. తల ఊపాడు. మొదటి సినిమా కుర్రాడికి అంత ధైర్యం ఉండటం నేను చాలా అరుదుగా చూశాను.

నిర్మాతకు ఫ్యాను నచ్చింది, ఉప్పు నచ్చలేదు. “ఎడిటర్ గారూ, భార్యాభర్తలు మూడు నిమిషాలు పప్పు గురించి మాట్లాడుకుంటారా? ల్యాగండీ, నలభై సెకన్లకు తెండి” అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఆ మూడు నిమిషాల్లో కథ ఒక్క అడుగు కూడా కదలదు. కానీ ఫ్యాను తిరిగితే భయపడాలంటే ముందు కరెంటు సంగతి మనం మరిచిపోయి ఉండాలి. పైన మనిషి తీగ మీద చెయ్యి వేసి ఉన్నాడన్నది మరుగున పడి, ఫీజు, ఉప్పు, సాయంత్రం మన మనసులో నిండాలి. దానికి మూడు నిమిషాలూ పడతాయి. నలభై సెకన్లలో ఎవరూ ఏదీ మరిచిపోరు.

వాదించడం కంటే చూపించడం మేలని రెండు రకాలుగానూ కోసి, ప్రివ్యూ థియేటర్లో వేర్వేరు జనానికి వేశాం. నలభై సెకన్ల దానికి సబ్‌స్టేషన్ ఫోను మోగాక “అయ్యో పోయాడా” అని నిట్టూర్చారు. మూడు నిమిషాల దానికి, ఫ్యాను రెక్క కదలగానే రెండో వరసలో ఒకావిడ గట్టిగా “పైన మనిషున్నడు!” అనేసింది. తెర మీద ఉన్న ఇల్లాలికి చెబుతోంది. నిర్మాత వెనక వరసలో కూర్చుని విన్నారు. లేచి వచ్చి, “ఉంచేయండి, ఇంకేమీ ముట్టుకోకండి” అన్నారు. సొంత డబ్బు పెట్టిన మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

సౌండ్ దగ్గర ఇంకో మలుపు తిరిగింది. మ్యూజిక్ డైరెక్టర్ ఫ్యాను మీద వయొలిన్లు వేసి పంపారు, మంచి బిట్టే. దాన్ని వేసి చూస్తే ఫ్యానును మనం కనిపెట్టే అవకాశం పోయింది, వయొలిన్లే వేలెత్తి చూపిస్తున్నాయి. తీసేద్దామంటే ఆయన ఒప్పుకున్నారు. అలాగని పూర్తి నిశ్శబ్దం పెట్టడానికీ లేదు. ‘సైరాట్’ దాన్ని చేయగలిగింది, ఎందుకంటే అక్కడ హాలంతా అప్పటికే కొయ్యబారిపోయి ఉంది. మామూలు చోట ట్రాక్ ఖాళీగా వదిలితే మన సింగిల్ స్క్రీన్లలో “సౌండ్! సౌండ్!” అని అరుస్తారు, ఆపరేటర్ గది వైపు తిరిగి ఈలలు వేస్తారు. అందుకని సౌండ్ డిజైనర్ ఫ్యాను కిర్రుమనడం ఉంచి, పక్కింట్లో టీవీ సీరియల్ డైలాగు మధ్యలోంచి అందుకోవడం కలిపాడు. ఆ తర్వాత తనకు తోచి ఇంకోటి చేశాడు. దూరంగా చేలల్లో బోరు మోటార్లు ఒకటొకటిగా అందుకోవడం. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ వాటంతట అవే మొదలవుతాయి కదా. ఊరంతా బతికి లేస్తున్న చప్పుడది. అతను పల్లెలో పెరిగినవాడు కాబట్టి వచ్చింది ఆ ఆలోచన, ఏ లైబ్రరీలోనూ దొరికేది కాదు.

ఇంతకాలం పని చేశాక నాకు స్థిరపడిన సంగతి ఇది. తెర మీద ఘోరం ఎంత పెద్దదన్నది లెక్క కాదు. దానికి ముందు మనం ఎంత మామూలుగా ఉన్నామన్నదే లెక్క. ఆ మామూలుతనాన్ని కాపాడటమే నా ఉద్యోగంలో కష్టమైన భాగం, ఎందుకంటే కోత మొదలవగానే అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. ఏ సినిమాలోనైనా నిడివి తగ్గించమంటే తీసేవి కూర్చుని మాట్లాడుకునే సీన్లే. కత్తి సీన్లు ఎవరూ తీయమనరు.

దెబ్బ తర్వాతి సమయం గురించి కూడా చెప్పాలి, దాన్ని మరీ తేలిగ్గా తీసేస్తారు. ‘సైకో’ (1960) స్నానాల గది హత్య గురించి లోకమంతా మాట్లాడుతుంది. ముక్కాలు నిమిషంలో డజన్ల కొద్దీ కట్లు, జార్జ్ తొమాసినీ కోత, బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాల అరుపు. ఆ చోట సంగీతం వద్దనుకున్న హిచ్‌కాక్ ఆ బిట్టు విన్నాక మనసు మార్చుకున్నాడు. సగం సినిమా కూడా కాకుండానే పేరున్న నాయికను చంపేయడం అప్పటివాళ్లు కలలో కూడా అనుకోనిది. ఇదంతా నిజమే. నేను మాత్రం అసిస్టెంట్లకు ఆ తర్వాతి నిమిషాలు చూపిస్తాను. ఆ మోటెల్ నడిపే నార్మన్ వచ్చి, దాదాపు మాటే లేకుండా, గదిని కడుగుతాడు. తొట్టె తుడుస్తాడు, శవాన్ని షవర్ తెరలో చుడతాడు, ఆమె దొంగిలించి పేపర్లో చుట్టి దాచిన డబ్బును ఏమిటో తెలియకుండానే కారులో పడేస్తాడు. మనం ఇప్పటిదాకా ఆ డబ్బు కోసమే కథ చూస్తున్నాం, అది పోయింది. కారును బురదగుంటలోకి తోస్తే మునుగుతూ మునుగుతూ ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో హాల్లో ప్రతివాడూ అయ్యో, మునగదేమో అని నార్మన్ తరఫున కంగారు పడతాడు. హత్య జరిగి ఎంతో సేపు కాలేదు, అప్పుడే మనం హంతకుడి జాడ చెరిపేవాడి పక్షాన నిలబడ్డాం. నన్ను ఈ సినిమాలో నిజంగా వణికించింది అదే.

మైకేల్ హనెకె తీసిన ‘కాషే’ (2005)లో ఇంకో రకం ఉంది. సినిమాలో నేపథ్య సంగీతమే లేదు. పాత పరిచయస్థుడు ఇంటికి పిలుస్తాడు, తలుపు మూస్తాడు, ఒకటి రెండు మాటలంటాడు, జేబులోంచి కత్తి తీసి తన గొంతు తానే కోసుకుంటాడు. కెమెరా కదలదు, కట్ లేదు. ఆ తర్వాత కూడా కట్ లేదు. వచ్చినవాడు ఆ గదిలో ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంటే మనం అతనితో చిక్కుకుపోతాం. ఎడిటర్ చేసే గొప్ప పని కొన్నిసార్లు చెయ్యి వెనక్కి పెట్టుకోవడం. కట్ అంటే ప్రేక్షకుడికి ఊపిరి. అది ఇవ్వకపోతే అతను తెర ముందు ఒంటరి అయిపోతాడు.

ఆడపిల్లల మీద దాడి సీన్ల గురించి ఇక్కడ చెప్పి తీరాలి. నేను పనిలోకి వచ్చిన రోజుల్లో అది మసాలాలో భాగం. వాన, ఉరుము, చిరిగిన జాకెట్టు, విలన్ నవ్వు, దీపం ఆరిపోవడం. జనం అదరలేదు, అలవాటు పడ్డారు, అంతకంటే నీచంగా కొందరు ఈలలు వేశారు. బాధపడుతున్న మనిషి ఒంటిని చూసే వస్తువుగా కోసి చూపించాక అక్కడ దిగ్భ్రాంతి ఎలా పుడుతుంది? అలాంటి రష్ నా దగ్గరకు వస్తే నేను ఆమె ఒంటి మీద ఉండను. తలుపు అవతల నిలబడి టీవీ వాల్యూం పెంచిన పిన్ని మొహం మీద ఉంటాను, లేకపోతే మర్నాడు పొద్దున ఆ పిల్ల బడికి జడ వేయించుకుంటూ దువ్వెన తగిలి ఉలిక్కిపడిన షాట్ కావాలని డైరెక్టర్‌ను అడుగుతాను. తీసివ్వకపోతే సినిమా వదులుకుంటాను. వదులుకున్నాను కూడా.

సెన్సార్ వాళ్లు కత్తి దిగే షాటును సగానికి తగ్గించమని రాస్తారు, రక్తాన్ని మసకచేయమంటారు. డైరెక్టర్లు గోలపెడతారు, సీను చచ్చిపోయిందంటారు. సగానికి తగ్గితే చచ్చిపోయే సీనులో ప్రాణం మొదటే లేదు. ఫ్యాను తిరగడాన్ని, పిల్లవాడి అడుగుల్ని ఎవరూ తగ్గించమనలేరు.

మొన్న ఒక కొత్త డైరెక్టర్ కథ పట్టుకుని వచ్చాడు. స్క్రిప్టు దశలోనే ఎడిటర్ దగ్గరికి రావడం ఈమధ్య మొదలైన మంచి అలవాటు. “అన్నా, హీరో చెల్లెలు చచ్చిపోవాలి, థియేటర్ మొత్తం బిగుసుకుపోవాలి, ఎలా కోద్దాం?” అన్నాడు. చంపే షాట్లన్నీ గీసి తెచ్చాడు, చక్కగా గీశాడు. ఆ పిల్ల అప్పటిదాకా సినిమాలో ఏం చేస్తూ ఉంటుందని అడిగాను. నాలుగు సీన్లు చెప్పాడు. నాలుగింటిలోనూ అన్నకు అన్నం వడ్డిస్తోంది. ఆ అమ్మాయికి ఒకసారి కోపం రానీ, ఎవరి దగ్గరో అప్పు చేయనీ, అన్నకు చెప్పని సంగతి ఒకటి ఉండనీ, ఏదో పిచ్చి పాట తప్పుగా పాడనీ అన్నాను. ఇవి పెడితే ల్యాగ్ రాదా అన్నాడు. రాసుకుని రమ్మన్నాను, చంపే షాట్ల సంగతి తర్వాత చూద్దాం. షూటింగ్ సంక్రాంతి దాటాక, టైముంది.